‘బతికి బయటపడ్డావు, సంతోషించు’ అంటున్నారు. నాకు సంతోషం రావడం లేదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 46 ఏళ్లు. మూడున్నర నెలల కిందట, ఆగిపోయిన గోడ గడియారాన్ని దించబోయి నిచ్చెన మీద నుంచి పడ్డాను. కుడి మడమ ఎముక చితికింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు బిగించారు. 12 వారాలు కాలు నేలకు ఆనించనివ్వలేదు. ఇప్పుడిప్పుడే చంకకర్రలతో నాలుగడుగులు వేస్తున్నాను. చూడవచ్చినవాళ్లంతా ‘అదే తలకు తగిలి ఉంటే? దేవుడు కాపాడాడు, దండం పెట్టుకో’ అంటున్నారు. వాళ్ల మాట నిజమే. కానీ నాలో కృతజ్ఞత పుట్టడం లేదు. పడకముందు రోజూ కాసేపు ప్రార్థనలో కూర్చునేవాణ్ణి. ఇప్పుడు కళ్లు మూసుకుంటే రెండు మాటలు దాటవు, మూడో మాట ‘ఎందుకిలా చేశావు’ అని వస్తుంది. ఇది ఏ పాపానికి శిక్షో అని రాత్రంతా వెతుక్కుంటాను. మా చెల్లెలు రోజూ ఫోన్ చేసి ‘అందరం నీ కోసం ప్రార్థిస్తున్నాం, ఇంకా నడవడం లేదా అన్నయ్యా’ అంటుంది. నా భార్య పొద్దున్నే స్నానాల గదిలో స్టూలు వేసి, నేల తుడిచి, అది ఆరాక నన్ను పిలుస్తుంది. నాకు కన్నీళ్లు రావలసింది పోయి చిరాకు వస్తోంది. మొన్న ఆమె మీద అరిచాను. ఎవరో చెప్పారని రోజూ రాత్రి మూడు మంచి విషయాలు నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టి, పదకొండో రోజు మానేశాను. అబద్ధాలు రాస్తున్నట్టు అనిపించింది. నా విశ్వాసం ఇంత పలచనిదా?

సమాధానం:

ముందు మడమ సంగతి చూద్దాం. దేవుడు కాసేపు ఆగుతాడు, ఆయనకు తొందర లేదు.

మడమ ఎముక పైకి పెంకులా కనిపించినా లోపల స్పాంజిలా గుల్లగా ఉంటుంది. ఎత్తు నుంచి పడి కాళ్ల మీద దిగితే ఒంటి బరువంతా ఒక్కసారిగా దాని మీదికే వస్తుంది. అందుకే అది రెండు ముక్కలుగా విరగడం కన్నా చితికిపోవడమే ఎక్కువ. ఎముక అతుక్కోవడానికి వారాలు పడితే, అతుకుపడిన చోటు మళ్లీ తన ఆకారానికి రావడం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. ఇలాంటి దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి ఏడాది దాటాక కూడా నొప్పి, బిగుతు మెల్లమెల్లగా తగ్గుతూనే ఉంటాయి. మీరు మూడున్నర నెలల దగ్గరే నిలబడి ‘ఇంకా ఇంతేనా’ అంటున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవయ్యేళ్ల ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లు ఐదుగురిని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. శ్రమ చేసేటప్పుడు ఒళ్లు ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి వాళ్లలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తర్వాత వ్యాయామంతో కోలుకున్నారనుకోండి. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పిలిచి మళ్లీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసినంత నష్టం ముప్ఫై ఏళ్ల వయసు కూడా చేయలేదని తేలింది. వాళ్లకు దెబ్బలేమీ లేవు, ఆపరేషన్ లేదు, రాత్రిళ్లు నొప్పి లేదు. మీకు ఇవన్నీ ఉన్నాయి. మూడు నెలలుగా సరైన నిద్ర లేదు. ఆ మనిషి కళ్లు మూసుకుంటే రెండు మాటలు దాటి ప్రార్థన సాగలేదంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఒంటి అలసటను తీసుకువెళ్లి మీరు విశ్వాసం ఖాతాలో అప్పుగా రాస్తున్నారు. ముందు ఆ లెక్క సరిచేయండి.

ఇక చూడవచ్చినవాళ్ల సంగతి. వాళ్లను తిట్టను. చాలా ఏళ్ల కిందట మెట్ల మీద పడి నా ఎడమ మణికట్టు విరిగింది. వచ్చిన ప్రతివాళ్లూ ‘ఎడమ చెయ్యే కదా, అదృష్టవంతురాలివి’ అన్నారు. నాది ఎడమచేతి వాటం. మొదటి నలుగురికి ఆ మాట చెప్పాను. తర్వాత ఓపిక లేక, అవునవును, అదృష్టమే అని ఊరుకున్నాను. కొన్నాళ్లకు అర్థమైంది, వాళ్లు నన్ను కాదు, తమను తాము ఓదార్చుకుంటున్నారని. నిచ్చెన మీంచి పడిన మనిషిని చూస్తే ఎవరికైనా తన ఇంట్లో నిచ్చెన గుర్తొస్తుంది, గుండె జారుతుంది. ‘ఇంతకన్నా ఘోరం జరగలేదు కదా’ అనుకుంటే ఆ భయం కాస్త దిగుతుంది. పాపం, అది వాళ్లకు పనికొచ్చే మాట. మీకు పనికిరాకపోతే అది మీ లోపం కాదు. జరగని ఘోరం ఎంత పెద్దదైనా, జరిగిన నొప్పిని తగ్గించదు.

బైబిల్లోని యోబు కథ మీకు తెలిసే ఉంటుంది. సర్వం పోగొట్టుకుని, ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న యోబును చూడటానికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చుంటారు. అంతవరకు బంగారంలాంటి స్నేహితులు. నోరు తెరిచాకే అసలు చిక్కు. ‘నువ్వేదో పాపం చేసి ఉంటావు, ఒప్పుకో’ అని మొదలుపెడతారు. యోబు ఒప్పుకోడు. దేవుణ్ణి నిలదీస్తాడు, పుట్టిన రోజును శపిస్తాడు, వ్యాజ్యానికి రమ్మంటాడు. చివరికి దేవుడు కోప్పడింది ఎవరి మీదో చూడండి. తనను వెనకేసుకొచ్చిన ఆ స్నేహితుల మీద. నా గురించి మీరు సరిగా మాట్లాడలేదు, యోబు మాట్లాడాడు, అంటాడు. మీ మూడో మాటను నేను ఈ వెలుగులో చదివాను.

మీది ఏ మతమో మీరు రాయలేదు, నేనూ అడగను. తెలుగు చదివినవాళ్లందరికీ తెలిసిన ఇంకో గాథ ఉంది. అందులోనూ సమస్య కాలిదే. మొసలి కాలు పట్టుకుంటే గజేంద్రుడు వెయ్యేళ్లు సొంత బలంతోనే పెనుగులాడాడు. బలం ఉడిగాక, ఇక తన వల్ల కాదని తేలాక పిలిచాడు. ఆ పిలుపు మధ్యలో పోతన అతని నోట పెట్టిన మాట ఏమిటి? ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’. ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని. ఆపదలో ఉన్న భక్తుడి నోట అంత పెద్ద అనుమానమేమిటని పోతన దాన్ని కొట్టేయలేదు. అది ప్రార్థన లోపలే ఉంది. గజేంద్రుడు ఆ అనుమానం తీరేదాకా ఆగలేదు, దాన్ని వెంటబెట్టుకునే పిలుస్తూ పోయాడు. మీకు వస్తున్న మూడు మాటల్లో మూడోది తీసేయాలని చూస్తున్నారు కదా, తీయకండి. మూడూ కలిపే మీ ప్రార్థన. అంతటితో లేచి వచ్చేయండి, రోజూ.

ఇక్కడ మీ ఫిజియోథెరపిస్టు నుంచి ఒక మాట అరువు తెచ్చుకుంటాను. మడమ మీద ఒకేసారి ఒంటి బరువంతా వేయనివ్వరు. చాలాచోట్ల బరువు తూచే యంత్రం తెచ్చి, దాని మీద పాదం పెట్టించి, ముల్లు పది కిలోల దగ్గరికి వచ్చేదాకా నొక్కమంటారు. కొన్నాళ్లకు ఇరవై, ఆపైన ముప్ఫై. పది కిలోలు మోసే మడమను ఎవరూ దొంగ మడమ అనరు. ప్రార్థనకు కూడా ఇప్పుడు అంత బరువే వేయండి. పడకముందు ఎంతసేపు కూర్చునేవారో దానితో పోల్చుకోవడం, నిన్న విరిగిన కాలిని పరుగు పందెంలో నిలబెట్టడం లాంటిది. విశ్వాసం అన్న మాట పుట్టింది కూడా ఊపిరి నుంచే. భయం లేకుండా ఊపిరి వదలడం అని దాని మూలంలోని అర్థం. చంకకర్ర మీది బరువును కాలి మీదికి మార్చే క్షణంలో మీరు ఊపిరి బిగబడుతూ ఉంటారు, అందరూ అదే చేస్తారు. అక్కడ నెమ్మదిగా వదలడం నేర్చుకోండి. భక్తి మాట ఎలా ఉన్నా కాలికి మాత్రం మేలు.

ఇప్పుడు శిక్ష సంగతి. రాత్రంతా పాపాల జాబితా తిరగేస్తున్నారు. నాయనా, ఆ జాబితా ఎవరు తిరగేసినా ఏదో ఒకటి దొరకకుండా పోదు, నా జాబితా అయితే తెల్లారేదాకా సరిపోతుంది. దేవుడి న్యాయస్థానానికి వెళ్లేముందు నిచ్చెన కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్నాయో లేదో చూడండి. గోడకు ఆనించే నిచ్చెనైతే, అది గోడకు ఆనే చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అందులో నాలుగో వంతు దూరంలో, గోడకు ఎడంగా దాని కాళ్లు ఉండాలి. కింద ఒక మనిషి పట్టుకోవాలి. మీ ప్రమాదానికి కారణం నాకు ఇక్కడే ఎక్కడో కనిపిస్తోంది. నవ్వులాట కాదిది. జబ్బుపడినవాళ్లు ‘దేవుడు నన్ను వదిలేశాడు, శిక్షిస్తున్నాడు’ అనే తలపులో చిక్కుకుపోతే వాళ్లు కోలుకోవడం కష్టమవుతుందని మతాన్నీ ఆరోగ్యాన్నీ కలిపి చదివినవాళ్లు చాలాకాలంగా గమనిస్తూనే ఉన్నారు. ప్రశ్న అడగడం వేరు, తీర్పు మీరే రాసుకుని రోజూ చదువుకోవడం వేరు. మొదటిది చేయండి.

మీ చెల్లెలు చదువుతుంటే ఆమెకు కూడా ఒక మాట. అమ్మాయ్, ప్రార్థించండి, ఫోన్‌లో మాత్రం చెప్పకండి. 2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి రెండు గుంపులకూ, ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని మాత్రమే చెప్పి, ఒక గుంపు కోసం చేయించారు, రెండో గుంపు కోసం చేయించలేదు. ఈ రెండింటికీ తేడా లేదు, దాదాపు సగం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. మూడో గుంపుకు ‘మీ కోసం ప్రార్థిస్తున్నారు’ అని ఖాయంగా చెప్పారు. వాళ్లలో ఇబ్బందులు వచ్చినవారు 59 శాతం, అంటే తక్కినవాళ్లకన్నా ఎక్కువ. అది కాకతాళీయం కావచ్చని పరిశోధకులే అన్నారు, నేనూ దాని మీద పెద్ద మేడ కట్టను. ఎముక అతుకును బట్టి ప్రార్థన విలువ కట్టకూడదనే నా పట్టుదల. ఇంతమంది ప్రార్థిస్తున్నా నడవలేకపోతున్నానే అన్న బరువు మాత్రం మీ అన్నయ్య మీద నిజంగానే ఉంది. కాలి గురించి ఎలాగూ రోజూ వింటున్నాడు. ఫోన్ చేసినప్పుడు వేరే ఏదైనా చెప్పండి, ఊసుపోయే సంగతి ఏదైనా.

నోటుబుక్కు దగ్గరికి వద్దాం. ఆ సలహా గాలిలోంచి రాలేదు. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలా రాయించి చూశారు. అందులో ఒక భాగం నాడీ కండరాల జబ్బులతో ఉన్నవాళ్లతో 21 రోజులు జరిగింది. అలా రాసినవాళ్ల మనసు తేలికపడింది, నిద్ర కొంచెం బాగుపడింది. తర్వాత వచ్చిన సమీక్షలు ఆ మేలు ఉన్నా చిన్నదేనని చెప్పాయి. అంటే ఇది చిటికెడు మందు. పని చేయకపోతే మానేయవచ్చు, మానినందుకు తల దించుకోనక్కర్లేదు.

అయినా అది ఎందుకు అబద్ధంలా అనిపించిందో నేను ఊహించగలను. ‘ఆరోగ్యం, కుటుంబం, ఇల్లు’ అని రాసి ఉంటారు. రెండో రోజూ అవే, మూడో రోజూ అవే. పెద్ద మాటలు, ఎవరి నోట్లోనైనా ఇమిడేవి. కృతజ్ఞత అన్న మాటను ఒకసారి విడదీయండి. కృతం అంటే చేసినది. జ్ఞత అంటే ఎరిగి ఉండటం. చేసినదాన్ని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. గుండె ఉప్పొంగాలని, కళ్లు చెమర్చాలని ఆ మాటలో ఎక్కడా లేదు. దానికి వ్యతిరేకం కృతఘ్నత, చేసినదాన్ని చంపడం. మీ ఉత్తరంలో ఆ హత్య ఎక్కడుందో నేను వెతికాను. ‘నేల తుడిచి, అది ఆరాక నన్ను పిలుస్తుంది’ అని రాశారు. తుడవడం ఎవరికైనా కనిపిస్తుంది. ఆరేదాకా ఆగడం కనిపెట్టాలంటే గమనించాలి. మీ భార్య తలుపు దగ్గర నిలబడి తడి ఆరడం కోసం కాచుకుని ఉండటం మీరు చూశారు, గుర్తు పెట్టుకున్నారు, ముక్కూ మొహం తెలియని నాకు రాశారు. ఈ మనిషిలో కృతజ్ఞత పుట్టడం లేదంటే నేను ఒప్పుకోను.

మరి ఆ చిరాకు ఎక్కడిది? ఇన్నాళ్లూ చేసిపెట్టినవాడు చేయించుకోవలసి వస్తే పుట్టే చిరాకది. ప్రతి సాయమూ అప్పుపత్రంలా చేతికి అందుతుంది, తీర్చే దారి కనిపించదు, దాంతో అప్పు ఇచ్చినవాళ్ల మీదే కోపం వస్తుంది. నా మణికట్టుకు కట్టు ఉన్నప్పుడు మా అక్క నాకు జడ వేసేది. నేను ‘అయ్యో నీకెంత శ్రమ, అయ్యో నీకెంత శ్రమ’ అని రోజూ అనేదాన్ని. ఒకరోజు దువ్వెన కింద పెట్టి అంది: ‘జడ వేయడం నాకు శ్రమ కాదు. వేసిన ప్రతిసారీ నిన్ను ఓదార్చడం శ్రమగా ఉంది.’ ఆ తర్వాత నోరు మూసుకుని జడ వేయించుకున్నాను. అంత కష్టమైన పని నేను జీవితంలో ఎక్కువసార్లు చేయలేదు.

కాబట్టి మీ భార్యకు ‘నువ్వు చేసిన సేవ ఏడు జన్మలెత్తినా తీర్చుకోలేను’ లాంటి మాటలు చెప్పకండి. వాటికి జవాబు చెప్పడమూ ఆమె పనే అవుతుంది. అరిచినందుకు ఒకసారి క్షమాపణ అడగండి, సూటిగా, నొప్పిని సాకుగా తేకుండా. ఇంకో రోజు, ‘నేల ఆరేదాకా నువ్వు ఆగడం చూశాను’ అనండి. ఆపైన ఇంకేమీ కలపకండి. ఆమెను ఒక ప్రశ్న కూడా అడగండి: ‘వీటిలో నీకు బాగా భారంగా ఉన్నది ఏది?’ ఏమంటుందో నాకు తెలియదు. రాత్రి లేవడం కావచ్చు, వచ్చిపోయేవాళ్లకు మర్యాదలు కావచ్చు. అదేదో ఆ ఒక్కటి ఆమె మీద నుంచి దించండి. వారంలో రెండు రోజులు స్నానానికి తమ్ముడో బావగారో సాయం పట్టినా మీ పరువు ఎక్కడికీ పోదు, ఆమెకు ఆ రెండు పొద్దులు మిగులుతాయి. కూర్చుని చేయగలిగిన ఇంటి పనులు ఎన్ని ఉన్నాయో మీరు ఇంకా లెక్కపెట్టినట్టు లేదు.

నోటుబుక్కు మళ్లీ తీయాలనిపిస్తే రాత్రి తీయకండి, నొప్పి ఎక్కువగా ఉండే వేళ అది. స్నానం అయ్యాకో, వ్యాయామం అయ్యాకో తీయండి. మూడు అక్కర్లేదు, ఒక్కటి చాలు. అందులో మనిషి పేరు ఉండాలి, ఆ మనిషి చేసిన పని ఉండాలి. ఏమీ లేని రోజు ‘ఈ రోజు ఏమీ లేదు’ అని రాసి మూసేయండి. దేవుడి మీద ఫిర్యాదు ఉన్న రోజు ఫిర్యాదే రాయండి.

గాయం నుంచి విశ్వాసం పుట్టిన మనిషి చరిత్రలో ఉన్నాడా అంటే ఉన్నాడు, కథల్లో చెప్పినంత నున్నగా మాత్రం జరగలేదు. 1521 మే నెలలో పాంప్లోనా కోట యుద్ధంలో తర్వాత క్రైస్తవ సాధువైన ఇగ్నేషియస్ లోయోలా అనే స్పెయిన్ సైనికుడి కాలిని ఫిరంగి గుండు విరగ్గొట్టింది. ఎముక వంకరగా అతుక్కుంటే మళ్లీ విరిచి కట్టారు. అయినా మోకాలి కింద ఎముక పొడుచుకొచ్చింది. బిగుతు బూట్లు వేసుకుంటే అది అసహ్యంగా కనిపిస్తుందని, ఎంత నొప్పైనా ఫర్వాలేదు, కోసి సరిచేయమన్నాడు. మత్తుమందు లేని రోజులవి. మంచం మీద నెలలు గడపడానికి వీరగాథలు తెమ్మంటే ఆ ఇంట్లో లేవట, క్రీస్తు చరిత్ర, సాధువుల కథలు మాత్రం దొరికాయి. అవి చదివినా పగటికలలు మానలేదు, రాచకన్యలూ యుద్ధాలూనూ. ఒక తేడా మాత్రం కనిపెట్టాడు. కొన్ని తలపులు తలచుకున్నంతసేపూ తియ్యగా ఉండి, పోయాక మనసును ఎండగట్టి పోతున్నాయి. కొన్ని పోయాక కూడా నెమ్మదిని వదిలి వెళుతున్నాయి. మొదట అతనికి దొరికింది ఆ గమనింపే, తర్వాత జీవితమంతా దాని మీదే కట్టుకున్నాడు. రోజు చివర మనసును పరిశీలించుకునే పద్ధతి ఒకటి నేర్పాడు. దానిలో మొదటి మెట్టు ఆ రోజు అందిన మేళ్లకు కృతజ్ఞత చెప్పడమే. కాలు మాత్రం పూర్తిగా బాగుపడలేదు. చివరిదాకా కుంటుతూనే నడిచాడు.

మీరు ఆయనంతవారు కావాలని ఇది చెప్పడం లేదు. దెబ్బ తగిలితే మనిషి గొప్పవాడవుతాడన్నది దెబ్బ తగలనివాళ్ల నమ్మకం. మీకు మడమ బాగుపడి, మునుపటి మనిషే తిరిగి వస్తే అంతకన్నా ఏం కావాలి? ఆయన చేసిన ఆ చిన్న పని మాత్రం పడుకున్నచోటి నుంచే చేయవచ్చు. రాత్రి తలపుల్లో ఏది పోతూ పోతూ మిమ్మల్ని ఎండగడుతోందో చూడండి. పాపాల జాబితా ఆ కోవలోదేనని నా అనుమానం.

డాక్టరుకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని దేవుడికి చెప్పి ఊరుకోవద్దు. నొప్పి తగ్గేది పోయి పెరుగుతున్నా, పాదం రంగు మారి, ఉబ్బి, ముట్టుకుంటేనే భరించలేకుండా ఉన్నా వెంటనే చూపించండి. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అలాగే రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండి, దేని మీదా మనసు నిలవకపోతే ఆ మాటా మడమ చూసే డాక్టరుకే చెప్పండి, మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. బతకడం దేనికి అన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పండి, ఆ రోజే వైద్యసాయం తీసుకోండి. దానికీ మీ భక్తికీ సంబంధం లేదు.

ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, ఒక్క సంగతి మాత్రం తెలియలేదు. ఆ గడియారం ఏమైంది? ఇంకా గోడ మీదే ఆగిపోయి ఉంటే ఎవరితోనైనా దింపించండి. నిచ్చెన కింద ఇంకొకరిని పట్టుకోమనండి. బ్యాటరీ వేసి టైము సరిచేసే పని మాత్రం మీది, కుర్చీలో కూర్చుని.